మా జువ్విమాను చీటీ మీద ఏం రాయాలి?
సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నాది మదనపల్లె. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూలు పిల్లలకు డ్రాయింగు నేర్పి రిటైరయ్యాను. ఈ ఉత్తరం ఒక జువ్విమాను గురించి. దాని ఎత్తు నా మోచేతి నుంచి వేలి కొస దాకా. వయసు నలభై అయిదు దాటింది.

కొన్నేళ్ల కిందట దాన్ని ఒక పూల ప్రదర్శనకు తీసుకుపోయాను. బల్ల మీద అటు కాలిఫ్లవర్లు, ఇటు గులాబీ కుండీలు, మధ్యలో మా మాను. చీటీ మీద ‘బోన్సాయ్, ఫైకస్’ అని, కింద సెంటీమీటర్లలో ఎత్తు. మార్కులు వేసే అధికారి వచ్చి టేపు పెట్టి కొలుచుకున్నారు. ఆకు తిప్పి తెగులుందేమో చూశారు. మట్టి వేలితో నొక్కి చూశారు. ఆయన పని ఆయన శ్రద్ధగానే చేశారు, బహుమతి కూడా ఇచ్చారు. కానీ ఆ బహుమతి కొలతకు వచ్చిందో, ఎరువుకు వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ మాను ఎడమకు ఎందుకు ఒరిగిందో, కుడి పక్క అంత ఖాళీ ఎందుకు వదిలామో రోజంతా ఒక్కరూ అడగలేదు. బొమ్మలు వేసేవాడికి ఆ ఖాళీయే ప్రాణం. దాన్ని సంపాదించడానికి పదకొండేళ్లు పట్టింది.

అందుకే ఈ ఉత్తరం ఉద్యాన శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను. బోన్సాయ్‌ని కళగా గుర్తించమని అడగడానికి.

ముందు ఆ మాను సంగతి చెప్పాలి. 1979లో కుప్పం దగ్గరి ఒక పల్లెలో మా మేనత్తవాళ్ల దిగుడుబావి గోడ వానకు కూలింది. రాళ్ల సందున మొలిచిన జువ్వి ఒకటి ఆ రాళ్లతోపాటు బయట పడింది. కుప్పం నేల మీకు తెలియంది కాదు. నాలుగడుగులు తవ్వితే బండ తగులుతుంది. ఆ బండ సందుల్లో పడిన మర్రి గింజ, రావి గింజ పదేళ్లయినా మోకాలెత్తు దాటవు. నీళ్లు అందీ అందవు, వేరు పోవడానికి చోటుండదు, దారిన పోయే మేక కొరికినంత కొరికి పోతుంది. కొరికిన చోట రెండు చిగుళ్లు వస్తాయి, మళ్లీ మేక వస్తుంది. అట్లా మేకలు, ఎండ, బండ కలిసి మలిచిన చెట్లు మా పడమటి మండలాల గుట్టల మీద ఎన్నో ఉన్నాయి. హార్స్‌లీ హిల్స్ ఎక్కే దారిలో బస్సు కిటికీలోంచి చూసినా కనిపిస్తాయి. ఎవరూ ఆగి చూడరు.

మా అత్త ఆగి చూసింది. పారేయడానికి మనసొప్పక పగిలిన రాతి కుడితి తొట్టిలో నాటింది. బోన్సాయ్ అనే మాట ఆమె అప్పటికి వినలేదు. కొమ్మ అడ్డంగా పోతే గిల్లేది. వేళ్లు తొట్టిని నింపేస్తే ఆషాఢంలో పెరికి, కత్తిపీటతో కోసి, కొత్త ఎర్రమన్నులో పెట్టేది. తర్వాత సంసారం పుంగనూరుకు మారినప్పుడు లారీలో పరుపుల మధ్య దాన్ని కూర్చోబెట్టి తెచ్చుకుంది. పుంగనూరులో ఇరుగుపొరుగు చూసి, ‘మా ఊర్లో ఆవులే పొట్టివి, నువ్వు మాన్లు కూడా పొట్టివి తెచ్చినావా’ అన్నారట. అత్త ఆ మాట జీవితాంతం మురిపెంగా చెప్పుకునేది.

ఆ మాటలోనే నా వాదన ఉంది మంత్రి గారూ. పుంగనూరు ఆవు ఎత్తు దాదాపు మూడడుగులే. పాలు కొద్ది, వెన్న ఎక్కువ. పలమనేరు పశు పరిశోధనా కేంద్రం ఆ జాతిని కాపాడుతూ వస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత తినిపించిన ఫొటోలు దేశమంతా చూసింది. అది జాతి. తల్లి పొట్టిది, బిడ్డ పొట్టిది, పొట్టితనం రక్తంలో ఉంది. బోన్సాయ్ అట్లా కాదు. మా జువ్వి నుంచి ఒక కొమ్మ కోసి చెరువు కట్ట మీద నాటితే ముప్పై ఏళ్లలో ఊరికంతా నీడనిచ్చే మాను అవుతుంది. దాని రక్తంలో పొట్టితనం లేనే లేదు. అది చిన్నగా ఉండడం రోజూ ఎవరో ఒకరు చేసే పని. ఏప్రిల్ ఎండలో రెండు రోజులు నీళ్లు మరిచిపోతే పోతుంది, రెండేళ్లు కత్తెర మరిచిపోతే పొద అవుతుంది. కచేరీలో గొంతు ఆగితే రాగం ఆగినట్టే, ఇక్కడ చేయి ఆగితే ఆ రూపం ఆగిపోతుంది.

ఈ చిన్నదనానికి రెండో కొసన తిమ్మమ్మ మర్రిమాను ఉంది. కదిరి దగ్గర గూటిబయలులో, మా మదనపల్లె నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చూసి రావచ్చు. దాదాపు అయిదెకరాల మేర పరుచుకున్న ఆ మర్రి 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాని కింద నిలబడి ఏడ్చినవాళ్లను చూశాను, మొక్కినవాళ్లను చూశాను. కళ అని మాత్రం ఎవరూ అనరు, అనకూడదు కూడా. అది తనంత తానుగా పెరిగింది. అయితే ఆ మర్రి కింద నిలబడినప్పుడు గుండెలో కలిగేది ఒకటుంటుందే, ఊడలు దిగిన చీకటి, తలెత్తితే ఆకాశం కనబడకపోవడం, ఇది మనకంటే ముందు నుంచి ఉంది, మన తర్వాతా ఉంటుంది అనే తెలివిడి, దాన్ని పళ్లెమంత తొట్టిలో, గుప్పెడు మన్నులో పుట్టించగలిగితే? చూసేవాడు వంగి ఆ చిన్న మొదలు దగ్గర కళ్లు పెట్టి, ఒక్క క్షణం తానే చిన్నవాడైపోతే? ఆ పని మేక చేయలేదు, బండ చేయలేదు. ఒక మనిషి కూర్చుని, ఏ కొమ్మ ఉంచాలి, ఏది తీసేయాలి, ఏ ఊడను సన్నని గొట్టంలోంచి నేలకు దించాలి అని ఏళ్లతరబడి నిర్ణయించుకుంటే తప్ప జరగదు. అట్లా నిర్ణయించుకుంటూ పోవడాన్నే మనం శిల్పంలో, చిత్రంలో కళ అంటున్నాం.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల జాబితాలో గీతం, వాద్యం, నృత్యం, ఆలేఖ్యంతోపాటు వృక్షాయుర్వేద యోగాలూ ఉన్నాయి. వరాహమిహిరుడి బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే ఉంది. చెట్టును సాకడాన్నే కళల్లో లెక్కపెట్టిన దేశంలో, చెట్టుకు రూపం ఇవ్వడాన్ని మాత్రం ఎరువుల కౌంటరు పక్కన పెట్టాం. మా ఊళ్ల రచ్చకట్టల మీద రావినీ వేపనూ ఒకే గుంటలో నాటి, పెళ్లి చేసి, రెండూ పెనవేసుకునేలా పెంచడం తరాల నుంచి ఉంది. ఎక్కడ రావి కొమ్మ ఆపాలో, వేపకు ఎంత వెలుగు వదలాలో తెలిసిన ముసలివాళ్లు ప్రతి ఊరిలో ఉండేవాళ్లు. వాళ్ల పేర్లు ఏ కట్ట మీదా చెక్కలేదు.

మదనపల్లె వాడిగా ఇంకో మాట చెప్పుకోవాలి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మా బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసిందీ ఇక్కడే. అంతకు మూడేళ్ల ముందే టాగూర్ జపాన్ చూసి వచ్చారు. అదే 1919లో మార్గరెట్ భర్త జేమ్స్ కజిన్స్ టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు కవిత్వం చెప్పడానికి వెళ్లారు. తిరిగొచ్చి జపాన్ మీద ఒక పుస్తకం రాశారు. ఆ ఐరిష్ కవి మా కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1935లో తిరువనంతపురంలో శ్రీ చిత్రాలయం ఏర్పడడం వెనుక ఉన్నదీ ఆయనే. తూర్పు దేశాల కళను పడమటి కొలతలతో తూచకూడదని వాదించిన మనిషి నడిచిన ఊరు ఇది. ఆ పూల ప్రదర్శన రోజు టేపు కొలత రాసిన నా చీటీని చేతిలో పట్టుకుని ఆ కాలేజీ గేటు ముందు నుంచి ఇంటికి నడిచి వచ్చాను.

కజిన్స్ వెళ్లి వచ్చిన జపాన్ తర్వాత ఏం చేసిందో చూడండి. 1923 భూకంపంలో టోక్యో కూలాక, బోన్సాయ్ సాకేవాళ్లు మంచి గాలి, నీరు వెతుక్కుని దగ్గర్లోని ఒమియాకు పోయి 1925లో ఊరే కట్టుకున్నారు. ‘కొకుఫు’ ప్రదర్శన 1934లో మొదలైంది. అది జరిగేది టోక్యో నగర కళా మ్యూజియంలో, తోటలో కాదు. 2010లో ఒమియాలో బోన్సాయ్‌కే ఒక కళా మ్యూజియం తెరిచారు. జపానుకంటే ముందు చైనాలో ఉంది ఈ విద్య. ఎనిమిదో శతాబ్దం మొదట్లో కట్టిన ఒక రాకుమారుడి సమాధి గోడ మీద, పళ్లెంలో రాళ్లూ చిన్న మొక్కలూ పట్టుకుని నడుస్తున్న పరిచారకుల చిత్రం ఉంది. మన దగ్గరికి వస్తే, పక్క రాష్ట్రంలోని మైసూరులో, గణపతి సచ్చిదానంద స్వామి ఆశ్రమంలోని కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం చూడడానికి మా ఊరి నుంచి బస్సులు కట్టుకుని పోతారు. పోయినవాళ్లంతా వచ్చి నాతో చెప్పేది ‘ఎన్ని చెట్లో’ అనే. ‘ఆ ఒక్క చెట్టు’ అని చెప్పినవాళ్లు తక్కువ. వాళ్ల తప్పు కాదు. అట్లా చూడడం మనం నేర్పలేదు.

ఆ ఒక్క చెట్టు అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది యమాకి పైన్ గురించి చదివినప్పుడు. 1625 నుంచి తొట్టిలో ఉన్న తెల్ల పైన్ చెట్టు అది. హిరోషిమాలో యమాకి కుటుంబం తరాలుగా సాకింది. 1945 ఆగస్టు 6న బాంబు పడిన చోటికి మూడు కిలోమీటర్ల దూరంలో, ఇంటి పెరటి గోడ చాటున ఉండి బతికింది. 1976లో అమెరికా స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్లయిన సందర్భంలో జపాన్ 53 బోన్సాయ్‌లు కానుకగా పంపితే, వాటిలో మసారు యమాకి ఈ చెట్టును ఇచ్చారు. హిరోషిమా ఊసు పెద్దగా ఎత్తలేదు. 2001లో ఆయన మనవళ్లు వాషింగ్టన్ వచ్చి తాత చెట్టును చూస్తామని అడిగినప్పుడు గానీ అక్కడివాళ్లకు సంగతి తెలియలేదు. పాతికేళ్లు ఆ చెట్టు మౌనంగా నీళ్లు పోయించుకుంది, తన ఊరిని కాల్చినవాళ్ల చేతే. ఇంత చెప్పగల వస్తువుకు ఎత్తు, వెడల్పు, ఆకు ఆరోగ్యం అనే మూడు గడుల్లో మార్కులు వేయమంటే ఎట్లా?

ఇక నా గొంతులో చాలాకాలంగా ఉన్న ముల్లు ఒకటుంది. తెలుగులో బోన్సాయ్ అనే మాట వినగానే చదువుకున్నవాళ్లకు గుర్తొచ్చేది అబ్బూరి ఛాయాదేవి గారి కథ ‘బోన్‌సాయ్ బ్రతుకు’. ఆ కథలో చెల్లెలు ముద్దుగా పెంచుకునే బోన్సాయ్‌ని చూసి అక్క ఆడదాని బతుకును అందులో చూస్తుంది. నీడపట్టున ఉంచి, కత్తిరించి, పెరగనివ్వకుండా సాకడం. ఆ కథ చదివాక తొట్టిలో చెట్టును మునుపటిలా చూడడం కష్టం. ఛాయాదేవి గారు జిడ్డు కృష్ణమూర్తి మాటలను తెలుగులోకి తెచ్చినవారు కూడా. ఆయన 1895లో పుట్టింది మా మదనపల్లెలోనే. మా పక్కనున్న రిషివ్యాలీ బడి ఆయన ఆలోచన మీద నిలిచింది. పిల్లవాణ్ని భయంతో, పోటీతో ఒక మూసలోకి వంచకూడదన్నది ఆ ఆలోచన. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని నేను క్లాసులో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. రిటైరయ్యాక ఆ పిల్లల ముఖాలు గుర్తొస్తాయి. అందుకే ఈ ప్రశ్నను దాటేసి బోన్సాయ్ కళ అని వాదించే హక్కు నాకు లేదు.

మా అత్తకు ఆ కథ నేనే ఇచ్చాను. ఆమె చదువును అయిదో తరగతితో ఆపించారు. పెళ్లయ్యాక పుట్టినిల్లు, మెట్టినిల్లు, గుడి తప్ప ఇంకో చోటు ఎరగదు. రెండు రోజులు పుస్తకం దగ్గర పెట్టుకుంది. మూడో రోజు అడిగితే, జువ్వి ఆకు మీద దుమ్ము తుడుస్తూ అంది: ‘ఆయమ్మ రాసింది నిజమే నాయనా. ఆడదాన్ని అట్ల చేసినారు. మానును అడ్డం పెట్టుకోని మనకు చెప్పింది.’ కాసేపాగి, ‘ఈ ఇంట్లో ఏది ఎట్లుండాలో నన్ను అడిగింది ఈ తొట్టి ఒక్కటే’ అంది.

ఆ రోజు నుంచి నేను ఆ కథకు జవాబు వెతకడం మానేశాను. ఆడపిల్లను అడగవచ్చు. అడిగితే చెబుతుంది. అడగకుండా వంచడం నేరం, అందులో రెండో మాట లేదు. చెట్టు నోటితో చెప్పదు గానీ, దానికీ ఒక జవాబుంది. వద్దన్న చోట కొమ్మను ఎండబెట్టుకుంటుంది. కొమ్మను వంచడానికి చుట్టిన తీగ ఎక్కువ రోజులు ఉంచితే బెరడు మీద మచ్చ మిగిల్చి, నీ తొందరను నీకు పదేళ్లు చూపిస్తుంది. తీగ చుట్టి, నెలలు ఆగి, బెరడులోకి దిగకముందే విప్పేవాడు చెట్టుతో మాట్లాడుతున్నాడు. విప్పనివాడు చెట్టును కట్టేస్తున్నాడు. ఈ రెండింటికీ తేడా తెలియడానికైనా దీన్ని కళగా చూడాలి. ఉద్యాన శాఖ కొలతలో రెండు చెట్లూ ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. మంచి శిల్పం, చెడ్డ శిల్పం ఉన్నట్టు మంచి బోన్సాయ్, చెడ్డ బోన్సాయ్, క్రూరమైన బోన్సాయ్ కూడా ఉంటాయి. ఆ మాట అనగలిగేది కళా విమర్శ ఒక్కటే. ఛాయాదేవి గారు అంత గొప్ప కథ బోన్సాయ్ మీద రాయగలిగారంటే, తొట్టిలో ఉన్న ఆ చెట్టు చూసినవాళ్ల మనసును ఏదో అడుగుతోందన్నమాట. పక్కనున్న కాలిఫ్లవరు అడగదు.

అన్నీ కళ కావు, అదీ ఒప్పుకుంటాను. లావాటి గడ్డ వేరు మీద నాలుగు ఆకులు అంటించినట్టుండే ఫైకస్ తొట్లు వేలకు వేలు దిగుమతి అవుతున్నాయి. బహుమతి దుకాణాల్లో అమ్ముతున్నారు. ఒకే మూస, ఒకే వంపు. వాటిని పెంచుకోవడంలో తప్పు లేదు, కళ అనాల్సిన పని మాత్రం లేదు. కడియం నర్సరీల్లో అంటు కట్టే చేతుల నేర్పు అంటే నాకు ఎంతో గౌరవం. ఆ నేర్పులోంచి కళ పుట్టగలదు, పుడుతోంది కూడా. ఏది పుట్టిందో, ఏది పుట్టలేదో చెప్పే కళ్లు మన దగ్గర లేకపోవడమే బాధ.

ఒకప్పుడు శ్రీకాళహస్తి కలంకారీకీ ఇదే గతి. గుడి వెనక వేలాడే గుడ్డ అన్నారు. 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ వంటివారు వచ్చి ఆ కలం పట్టిన చేతిని వెతికారు. జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. గుడ్డ మారలేదు. కరక్కాయ అదే, చింతబొగ్గు అదే, కలం అదే. మనం చూసిన తీరు మారింది.

కాబట్టి నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. మీ శాఖ జరిపే చిత్ర, శిల్ప ప్రదర్శనల్లో ఒక మూల బోన్సాయ్‌కి ఇవ్వండి. వెనక తెల్ల గోడ, కంటి ఎత్తులో బల్ల, ఒక్కో చెట్టు చుట్టూ కావలసినంత ఖాళీ, అంతే. మార్కులు వేయడానికి ఒక శిల్పిని, ఒక చిత్రకారుణ్ని పిలవండి. చెట్టు ఆరోగ్యం చూడడానికి ఉద్యాన అధికారి పక్కన ఉంటే మంచిదే. ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలకు ఒక్క సెమిస్టరు, మట్టి బొమ్మ పక్కన బతికున్న చెట్టు కూడా ఇవ్వండి. కాలం కూడా ఒక రంగు అని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. మన చెట్లతో చేసినదానికి ముందు పీట వేయండి. చింత, జువ్వి, మర్రి, రేగు, కానుగ మన ఎండను తట్టుకుంటాయి, చూసేవాడికి తన ఊరి కట్ట గుర్తొస్తుంది. అడవిలో, గుట్ట మీద పాత చెట్టును పెరికి తెచ్చినవాళ్లను మాత్రం రానివ్వకండి. కూలిన గోడ నుంచి కాపాడటం వేరు, నిలిచిన చెట్టును దొంగిలించడం వేరు.

పేరు విషయం కూడా ఆలోచించండి. కొందరు వామన వృక్షం అంటున్నారు. నాకు ఆ పేరు నచ్చుతుంది. వామనుడి కథలో పొట్టితనం మొదటి నిమిషమే, మిగతా కథంతా మూడడుగుల్లో ఎంత పట్టిందన్నదే. 

అత్త 1998లో ఆ జువ్విని నాకు అప్పగించింది. పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. రాతి తొట్టి బరువని అక్కడే ఉంచి, లోతు తక్కువ మట్టి పళ్లెంలోకి మార్చాను. కుడి పక్క ఒక పెద్ద కొమ్మ ఉండేది. దాన్ని తీయాలా వద్దా అని మూడేళ్లు చూశాను. అత్త పోయిన ఏడాది తీశాను. తెల్లటి పాలు చాలాసేపు కారాయి. ఆ ఖాళీని నిలబెట్టడానికి ఎడమ కొమ్మలను ఒక్కొక్కటిగా దించుతూ వచ్చాను. ఎడమకు ఒరిగిన ఆ మాను ఇప్పుడు బావి వైపు వంగి చూస్తున్నట్టుంటుంది. కుప్పంలో ఆ బావి పూడ్చేశారు.

మీరు పిలిస్తే తెస్తాను. చీటీ నేనే రాసుకుని వస్తాను:

జువ్విమాను. కుప్పం దగ్గర కూలిన బావి గోడ, 1979. మలిచిన చేతులు: మొదట మేకలు, 1979 నుంచి 1998 దాకా మా మేనత్త, ఆమె పేరు పెద్ద అక్షరాల్లో, తర్వాత నేను. పని జరుగుతోంది.

ఇట్లు
ఒక రిటైర్డు డ్రాయింగు మాస్టరు,
మదనపల్లె